అనంతయ్య సారు గణవిభజన

తాండూరు మిడిల్ స్కూలులో అనంతయ్య లెక్కల మాస్టరు. ఆ లెక్కలు కూడా ఉర్దూలోనే. ఆయన చదివిందీ ఉర్దూలో, చెప్పిందీ ఉర్దూలో. కూడికను జమ అనీ, తీసివేతను తఫ్రీక్ అనీ తప్ప ఇంకోలా అనడం ఆయనకు తెలియదు. నలభై ఎనిమిదిలో పోలీసు యాక్షన్ అయింది. మరుసటేడు బడులు తెరిచేసరికి, ఇకనుంచి పిల్లలకు తెలుగు కూడా చెప్పాలని పైనుంచి హుకుం వచ్చింది. పుస్తకాలు వచ్చాయి. చెప్పే మనిషి మాత్రం రాలేదు.

హెడ్మాస్టరు వాజిద్ హుస్సేన్ సాబు మాస్టర్లందరినీ వరసగా నిలబెట్టి తెలుగు అక్షరాలు ఎవరికి వచ్చునని అడిగారు. ఒక్క చెయ్యీ లేవలేదు. అప్పుడు ఆయనకు గుర్తొచ్చింది, అనంతయ్య తల్లి ప్రతి ఆదివారం చర్చికి ఒక లావు తెలుగు పుస్తకం చంకన పెట్టుకుని పోతుందని. అనంతయ్య కాదనలేకపోయాడు. ఆ తల్లి పేరు రాహేలమ్మ. వికారాబాదు పక్క పల్లెలో రెండెకరాల చేను చేసుకుంటూ, బైబిలు మీద వేలు పెట్టి చూపిస్తూ కొడుక్కు అ ఆలు నేర్పింది. ఆయన తెలుగు చదువు మొత్తం అంతే. అంతటితోనే మరునాటినుంచి ఆయన తెలుగు పంతులయ్యాడు.

మొదటి మూడు నెలలు బాగానే గడిచాయి. కథల పాఠాలు చదివించాడు, అర్థాలు రాయించాడు, తనకు తెలియని మాట వస్తే పిల్లల్నే అడిగి, వాళ్లు చెప్పింది నిజమేనన్నట్టు తలూపాడు. చిక్కల్లా పుస్తకం చివర వచ్చింది. ఆఖరి పుటల్లో అలంకారాలూ ఛందస్సూ ఉన్నాయి. ఉపమేయం, ఉపమానం, గురువు, లఘువు, యతి, ప్రాస. ఆ పుటలు తిప్పిన రోజున అనంతయ్యకు అన్నం సయించలేదు. అందులో ఉన్నవన్నీ తెలుగు అక్షరాలే, ఒక్క ముక్క అర్థం కాలేదు.

సాయంత్రం హెడ్మాస్టరు ఇంటికి పోయి, పుస్తకం ముందు పెట్టి, తనవల్ల కాదన్నాడు. వాజిద్ హుస్సేన్ సాబుకు తెలుగు చదవడం రాదు. కానీ ఉర్దూ కవిత్వమంటే ప్రాణం. పుస్తకంలో ఏముందో చదివి వినిపించమన్నారు. ఉపమేయమంటే పోల్చబడేది, ఉపమానమంటే దేనితో పోలుస్తామో అది, రెండింటికీ ఉన్న పోలిక సమానధర్మం, పోలికను చెప్పే మాట ఉపమావాచకం అని అనంతయ్య తడబడుతూ చదివాడు. సాబు కాసేపు గడ్డం నిమురుకుని నవ్వారు.

"అరె, ఇది తష్‌బీహ్ కదయ్యా. మా దగ్గర గూడ నాలుగే ముక్కలు. నువ్వు ఎనిమిదో జమాత్‌ల చదువుకోలేదా?"

చదువుకున్నాడు. తష్‌బీహ్ అంటే పోలిక, ఇస్తిఆరా అంటే పోలిక మాట లేకుండా అదే ఇది అని చెప్పడం, ముబాలిగా అంటే ఉన్నదానికన్నా పెంచి చెప్పడం. అన్నీ బట్టీ పట్టినవే. మొదటిది ఉపమ, రెండోది రూపకం, మూడోది అతిశయోక్తి అని తెలిశాక అనంతయ్యకు ఊపిరి వచ్చింది. కొత్త ఊరికి పోయానని బెదురుతుంటే పాత చుట్టాలే ఎదురొచ్చినట్టయింది. ఛందస్సు దగ్గరికి వచ్చేసరికి మాత్రం సాబు చేతులెత్తేశారు. తూకం ఉర్దూలోనూ ఉందిగానీ రాళ్లు వేరు, తరాజు వేరు అన్నారు.

అలంకారాల పాఠం అనంతయ్య ఉత్సాహంగా మొదలుపెట్టాడు. పుస్తకంలో చంద్రుడూ పద్మమూ తప్ప మరేమీ లేవు. తాండూరులో పద్మాన్ని చూసిన పిల్లవాడు ఒక్కడూ లేడు. మీ ఇంట్లో ఉన్నవాటితోనే చెప్పండ్రా అన్నాడు. భీమయ్య అనే పిల్లవాడు లేచి, మా తాత గడ్డం కంది కోసినంక చేన్ల మిగిలిన మోళ్ల లెక్క ఉంటదన్నాడు. ఇంకొకడు తన మేనమామ కోపం బండలు పగలగొట్టే సమ్మెట దెబ్బ లెక్క అన్నాడు. ఆ గంటలో తాండూరులో ఎవరి గడ్డమూ, ఎవరి నడకా, ఎవరి గురకా పోలిక లేకుండా మిగల్లేదు. పక్క గదిలో పాఠం చెబుతున్న మాస్టరు వచ్చి తొంగి చూసి పోయాడు.

ఇక మిగిలింది ఛందస్సు. దసరా సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు అనంతయ్య ముఖం చూసి రాహేలమ్మ ఏమైందని అడిగింది. పద్యాల లెక్క తెలియడం లేదన్నాడు. వికారాబాదు మిషన్ బాలికల బడిలో మార్త అనే టీచరమ్మ ఉందనీ, పోయిన క్రిస్మస్ నాటకానికి పద్యాలన్నీ ఆ పిల్లే కట్టిందనీ తల్లి చెప్పింది. చెప్పి మరిచిపోయింది. కొడుకు మరిచిపోలేదు.

ఆ వచ్చే ఆదివారం చర్చి అయ్యాక అనంతయ్య మిషన్ బడి అరుగు మీద నిలబడి, తాను తాండూరు తెలుగు పంతులననీ, తనకు తెలుగు రాదనీ మార్తకు చెప్పాడు. మార్తకు ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లుంటాయి. సన్నటి మనిషి, పెద్ద గొంతు. తండ్రి పరిగిలో బట్టలు కుడతాడు. ఆ బడిలోనే చదివి, అక్కడి పాత పండితుడి దగ్గర ఛందస్సు నేర్చుకుని, అక్కడే టీచరయింది. నవ్వుతుందేమోనని అనంతయ్య భయపడ్డాడు. ఆమె నవ్వలేదు. పుస్తకం తెచ్చారా అని అడిగింది.

పాఠం తరగతి గదిలో, తలుపులు బార్లా తెరిచి. గడపలో హాస్టలు వంటమనిషి చంద్రవ్వ బియ్యం చాటతో కూర్చునేది. పెళ్లికాని టీచరు దగ్గరికి పరాయి మగమనిషి వస్తే ఆ మాత్రం కాపలా ఉండాలని పాస్టరమ్మ పెట్టిన ఏర్పాటది. ఆ యేడు హాస్టలు పిల్లలు అన్నంలో రాయి తగలకుండా తిన్నారంటే అది ఛందస్సు పుణ్యమే.

మార్త చేతులతో చప్పట్లు కొడుతూ చెప్పింది. ఒక్క దెబ్బంత సేపు పలికితే లఘువు, రెండు దెబ్బలంత సేపు పడితే గురువు. దీర్ఘం గురువు. సున్న ఉంటే గురువు. పక్కన ఒత్తక్షరం వస్తే, దాని ముందున్నది పొట్టిదైనా సరే గురువే. గురువుకు గిన్నెలాంటి గుర్తు, లఘువుకు నిలువు గీత. యమాతారాజభానసలగం అని ఒక్క మాట నోటికి వస్తే గణాలన్నీ వచ్చినట్టే. లెక్కల మాస్టరు కదా, అనంతయ్యకు ఇది అలంకారాల కన్నా తొందరగా పట్టుబడింది. తిరుగు రైలులో స్టేషన్ల పేర్లు విడగొట్టుకుంటూ పోయాడు. ధారూరు, గురువు గురువు లఘువు, త-గణం. తాండూరు, గురువు గురువు లఘువు, అదీ త-గణమే. ఎదురుగా కూర్చున్న ముసలాయన, ఈ మనిషి వేళ్లు చూసి, జపమనుకుని దండం పెట్టాడు.

సోమవారం తరగతిలో హాజరు పిలుస్తూ ఉంటే ఆయనకు ఒక సంగతి తట్టింది. హాజరు ఆపి బోర్డు మీద రాశాడు. భీమయ్య, త-గణం. ఈరయ్య, త-గణం. చెన్నయ్య, నాగవ్వ, బీరమ్మ, ఎవరిని విడగొట్టినా గురువు గురువు లఘువే. తరగతి సగానికి సగం త-గణం. పరిగినుంచి వచ్చే పిల్లవాడు తన ఊరి పేరు చెప్పమని పట్టుబట్టాడు. మూడూ లఘువులే, న-గణం. బాల్‌రాజ్ పేరు రెండు గురువులతో ఆగిపోయింది. వాడు వారం రోజులు ముఖం ముడుచుకుని తిరిగాడు. ఆ నెలలో తాండూరులో పిల్లలు ఇళ్లకు పోయి తాతల పేర్లూ, ఎడ్ల పేర్లూ విడగొట్టి పెట్టారు.

ఈ కబురు అనంతయ్య మార్తకు చెబితే ఆమె పడిపడి నవ్వింది. పద్యంలో ఇమడడానికి అవన్నీ మంచి పేర్లన్నది. ఆటవెలది, తేటగీతి లాంటివి సూర్యగణాలతో, ఇంద్రగణాలతో నడుస్తాయి. సూర్యగణాలు రెండు, ఇంద్రగణాలు ఆరు. త-గణం ఇంద్రగణాల్లో ఒకటి. ఇక మార్త అంటే గురువు, లఘువు. చక్కటి సూర్యగణం.

"మరి నా పేరు?" అన్నాడు అనంతయ్య.

మార్త బోర్డు మీద రాసి గుర్తులు పెట్టింది. లఘువు, రెండు గురువులు, మళ్లీ లఘువు.

"మీ పేరు సూర్యగణం గాదు సార్. ఆరు ఇంద్రగణాలల్ల గూడ లేదు. ఒంటిగ నిలబడదు."

"అంటే నేను పద్యంల పనికిరానా?"

"ముందట ఎవరన్న ఉండాలె. మొదటి అక్షరం వాళ్లతోని పోతది, తక్కిన మూడు త-గణమైతయి. పిలిచేటోళ్లుంటె ఫికర్ లేదు."

అనంతయ్య దాన్ని పుస్తకంలో నియమంలాగా రాసుకున్నాడు.

ఇలా ఏడాదిన్నర గడిచింది. కందం వచ్చింది, ఉత్పలమాల వచ్చింది, నేర్చుకోవలసినవి నిజానికి అయిపోయాయి. అయినా ఆదివారం ఆదివారం అనంతయ్యకు ఏదో ఒక అనుమానం పుట్టేది. రాహేలమ్మ మాత్రం కొడుకు వారం తప్పకుండా చర్చికి వస్తున్నాడని ఊరంతా చెప్పుకుని మురిసిపోయింది. ఇంత భక్తి మా వంశంలో ఎవరికీ లేదనేది.

యాభై ఒకటి ఎండాకాలంలో ఒక ఆదివారం, పాఠం చివర మార్త బోర్డు వైపు తిరిగి ఏమీ చెప్పకుండా ఒక పద్యం రాసింది. గణవిభజన చేయండి సార్ అని సుద్దముక్క ఆయన చేతిలో పెట్టి, కిటికీ దగ్గరికి పోయి నిలబడింది.

ఓ యనంతయ్య రైలులో నొంటిగాను
లెక్కపెట్టెడు గురులఘుల్ లెస్సగాని
పక్కసీటున మనిషుండి పలుకకున్న
పద్యమెట్లగు? నది వట్టి పట్టికగును.

అనంతయ్య చొక్కా చేతులు పైకి మడిచాడు. ఓ య, సూర్యగణం. నంతయ్య, ఇంద్రగణం. రైలులో, ఇంద్రగణం. నొంటి, సూర్యగణం. గాను, సూర్యగణం. ఒక్కొక్క ముక్కనూ నిలువు గీతలతో కోస్తూ, గిన్నెలు పెడుతూ, చెమట తుడుచుకుంటూ నాలుగు పాదాలూ పూర్తిచేశాడు. ఓకూ ఒకూ యతి కలిసింది. లెకు లె, పకు ప. తప్పు ఒక్కటీ లేదు. వెనక్కి తగ్గి చూసుకుని తృప్తిపడ్డాడు.

"తేటగీతి," అన్నాడు. "యతి నాలుగు పాదాలల్ల సరిపోయింది. ప్రాస నియమం లేదు."

"ఇంకేమన్న ఉన్నదా సార్?"

అనంతయ్య మళ్లీ చూశాడు. మూడో, నాలుగో పాదాల్లో సల-గణమనే ఇంద్రగణం ఉందని చెప్పాడు. మార్త తుడుపుగుడ్డ తీసుకుని బోర్డు తుడిచేసింది. బండికి టైమైంది, పోండ్రి అన్నది. గొంతు ఎప్పుడూ ఉన్నంత పెద్దగా లేదు. ఎండదెబ్బ తగిలిందేమో, మంచి నీళ్లు తాగమని చెప్పి అనంతయ్య స్టేషనుకు పోయాడు.

మూడో తరగతి పెట్టెలో కిటికీ పక్కన చోటు దొరికింది. ఆయన పక్కన ఎవరో సేటు కందుల బస్తా పెట్టి, తాను పోయి తలుపు దగ్గర బీడీ కాల్చుకుంటున్నాడు. బండి కదిలింది. అలవాటు చొప్పున అనంతయ్య ఆనాటి పద్యాన్ని నెమరు వేయడం మొదలుపెట్టాడు. గణాలు అప్పటికే అయిపోయాయి, మళ్లీ విడగొట్టవలసిన పనిలేదు. అందుకని మొదటిసారి ముక్కలు చేయకుండా, పాడుకుంటున్నట్టు గడగడా చదివాడు. ఓ యనంతయ్య రైలులో నొంటిగాను. లెక్కపెట్టెడు గురులఘుల్ లెస్సగాని. పక్కసీటున మనిషుండి...

ఆయన పక్కకు చూశాడు. కందుల బస్తా ఉంది.

మళ్లీ మొదటినుంచి చదివాడు. ఈసారి చెవులు వేడెక్కాయి. రైలులో ఒంటిగా పోతున్నది ఎవరు? ఓ అని పిలిచింది ఎవరు? ఏడాది కిందట నియమమని రాసుకున్న మాట అప్పుడు బుర్రకెక్కింది. ఆ పిల్ల బోర్డంతా పరిచి అడిగితే తాను సల-గణమని చెప్పి, పైగా నీళ్లు తాగమని సలహా ఇచ్చి వచ్చాడు.

ధారూరులో బండి ఆగీ ఆగకముందే అనంతయ్య దిగేశాడు. గొడుగు పెట్టెలోనే తాండూరు పోయింది. వికారాబాదు వైపు పోయే బండి ఇప్పట్లో లేదని స్టేషను మాస్టరు చెప్పాడు. అనంతయ్య రోడ్డు పట్టుకుని నడక మొదలుపెట్టాడు. అడవి మలుపు దాటాక కంకర మోసే లారీ ఒకటి ఎదురు చూడకుండానే దొరికింది. దుమ్ముతో, ఎగిరిన జుట్టుతో మిషన్ బడి గేటు దగ్గర దిగేసరికి ఇంకా పొద్దు గుంకలేదు. మార్త హాస్టలు పిల్లలకు జడలు వేస్తోంది. ఆయనను చూసి దువ్వెన పక్కన పెట్టింది.

"బండి తప్పిందా సార్?"

"తప్పలేదు. ధారూరుల దిగిన."

"ఎందుకు?"

"పద్యం సమజైంది."

మార్త పిల్లల్ని లోపలికి పంపేసింది. చంద్రవ్వ మాత్రం పోలేదు.

"ఏ పాదం కాడ సమజైంది?"

"మూడో పాదం కాడ. నాలుగోది మీరు చెప్పినట్ల కావద్దని దిగిన."

మార్త తల వంచుకుని చేతికి చుట్టుకున్న రిబ్బను విప్పుతూ ఉండిపోయింది. చివరికి, తన తండ్రి పరిగిలో బజారు వెనక ఉంటాడనీ, రాహేలమ్మను ఒకసారి పంపమనీ చెప్పింది.

రాహేలమ్మకు సంగతి తెలిసినప్పుడు ముందు కష్టం వేసింది.

"ఏడాదిన్నర సంది నీ భక్తంత గీ పద్యానికా కొడుకా?"

అనంతయ్య నేల చూపులు చూశాడు. ఆమె రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు మంచి చీర కట్టుకుని పరిగి బస్సు ఎక్కింది. తిరిగి వచ్చేటప్పుడు కోడలి గొంతు చర్చిలో పాటకు బాగా పనికొస్తుందని చెప్పుకుంటూ వచ్చింది.

మరుసటి వేసవిలో పెళ్లయింది. మార్తకు తాండూరు ఆడపిల్లల బడిలో పని దొరికింది. వాజిద్ హుస్సేన్ సాబు పెళ్లికి వచ్చి ఉర్దూలో నాలుగు పాదాలు చదివి, అది ఏ అలంకారమో చెప్పమని పెళ్లికొడుకును నిలదీశారు. ఆ మరుసటేడు ఆయన రిటైరై కొడుకుల దగ్గరికి హైదరాబాదు వెళ్లిపోయారు. పోయేటప్పుడు అనంతయ్య స్టేషనులో ఏడ్చాడు. దానికి పోలిక వెతకలేదు.

ఇద్దరు టీచర్లున్న ఇంట్లో కాపురం ఎలా నడిచిందంటే, కూరలో ఉప్పు గురించి కూడా వాదం శాస్త్రప్రకారం నడిచింది. నువ్వు చెప్పేది అతిశయోక్తి అని ఆయన అంటే, మీరు చెప్పేది ఉన్నదున్నట్టు చెప్పే స్వభావోక్తి కూడా కాదని ఆమె అనేది. ఇద్దరాడపిల్లలు పుట్టారు. ఆ పిల్లలకు ఛందస్సంటే ఒళ్లు మంట.

యాభై ఆరు తరువాత బడి హైస్కూలయింది. గుంటూరు వైపునుంచి కామేశం గారని ఒక తెలుగు పండితుడు వచ్చాడు. మంచి పండితుడు, మంచి మనిషి. ఒంటరిగా గది తీసుకుని, చేయి కాల్చుకుంటూ, ఊరి మీద బెంగతో చిక్కిపోతున్నాడు. పరీక్షల దగ్గర మాత్రం మహా గట్టివాడు. అర్ధ సంవత్సరం పరీక్షలో ఉపమాలంకారానికి సొంత ఉదాహరణ రాయమని ప్రశ్న ఇచ్చారు. యాలాల్‌నుంచి గొర్లకాపరుల పిల్ల జంగమ్మ నడిచి వచ్చి చదువుకునేది. ఆ పిల్ల ఇలా రాసింది. మా అమ్మ చేతులు తాండూరు బండ లెక్క సల్లగ ఉంటయి.

కామేశం గారు దాన్ని ఎర్ర సిరాతో కొట్టేశారు. పక్కన సున్న పెట్టారు.

జంగమ్మ ఏడవలేదు. కాగితం తెచ్చి అనంతయ్య బల్ల మీద పెట్టి, సార్, ఇందుల తప్పేమున్నది అని అడిగింది. ఆయన చదివాడు. మరోసారి చదివాడు. పదేళ్లుగా తరగతిలో ఎన్ని వందల పోలికలు విన్నాడో, ఇంత మంచిది వినలేదనిపించింది. కాగితం తీసుకుని కామేశం గారి దగ్గరికి పోయాడు.

ఆయన మర్యాదగానే చెప్పారు. ఉపమావాచకాలు పుస్తకంలో ఇచ్చారు. వలె, పోలె, కరణి, భంగి, పగిది. వాటిలో లెక్క అన్నది లేదు. లెక్క అంటే గణితం. రేపు పెద్ద పరీక్షలో ఎవరో దిద్దుతారు, అప్పుడు పిల్లకే నష్టం. ఆ ఆఖరి మాటలో నిజం ఉంది. అనంతయ్య కాగితం తీసుకుని తిరిగొచ్చాడు. వాదం వారం రోజులు నడిచింది. స్టాఫ్ రూములో ఛాయ్ చల్లారిపోయేది, ఇద్దరూ తాగేవాళ్లు కాదు. ఇక్కడి మాట మాట కాదా అని ఒకరోజు అనంతయ్య గొంతు పెంచాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, తప్పు చేశాను, ఊరుగాని ఊరు వచ్చిన మనిషి మీద అరిచానన్నాడు. మార్త అంతా విని, ఆదివారం ఆయనను భోజనానికి పిలవమన్నది.

ఆదివారం కామేశం గారు వచ్చారు. జొన్న రొట్టె, చింతచిగురు పప్పు, వెల్లుల్లి కారం. ఆయన మొదట బిడియపడుతూ తిన్నారు. చిగురు పప్పు రెండోసారి వడ్డించాక ఆయన ముఖంలో పదేళ్లు తగ్గాయి.

"అచ్చం మా అమ్మ చేసిన పప్పులాగే ఉందమ్మా," అన్నారు.

మార్త గరిటె అలాగే పట్టుకుని నిలబడింది.

"సార్, తప్పుగ అనుకోకండ్రి. ఉపమేయం ఉన్నది, నా పప్పు. ఉపమానం ఉన్నది, మీ అమ్మ పప్పు. రుచి ఉన్నది. లాగ అన్నరు. అది గా పుస్తకంల ఉన్నదా?"

కామేశం గారి చేయి నోటి దగ్గరే ఆగిపోయింది. అనంతయ్య చటుక్కున మంచినీళ్ల చెంబు ఆయన ముందుకు జరిపాడు, ఇంటికి పిలిచి అవమానించామనుకుంటాడేమోనని. కామేశం గారు మెల్లగా ముద్ద మింగి, ఆ తరువాత కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వారు. ఆయన అంత గట్టిగా నవ్వడం తాండూరులో ఎవరూ వినలేదు.

"లేదమ్మా," అన్నారు. "మా ఊళ్లో లాగ. మీ ఊళ్లో లెక్క. నా పప్పు నాకు పెట్టి ఓడించావు."

సోమవారం ఆయన జంగమ్మ కాగితం తెప్పించి సున్న కొట్టేసి పూర్తి మార్కులు వేశారు. ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఇంట్లో లెక్క అనుకో, క్లాసులో లెక్క అనుకో, పెద్ద పరీక్షలో మాత్రం వలె అని రాయి తల్లీ, దిద్దేవాడికి మీ అమ్మ చేతులు తెలియవు అని చెప్పారు. అనంతయ్యకు అది న్యాయంగానే తోచింది. కొంచెం బాధగానూ ఉంది. రెండూ దాచుకోలేదు. అప్పటినుంచి ఆదివారం పప్పులో కామేశం గారికి ఒక వాటా స్థిరమయింది.

జంగమ్మ హెచ్చెస్సీ గట్టెక్కి, టీచర్ ట్రైనింగు చేసి, అరవై నాలుగులో యాలాల్ బడిలోనే పనిలో చేరింది. వానాకాలంలో ఒక ఆదివారం పొద్దున్నే బస్సు దిగి అనంతయ్య ఇంటికి వచ్చింది. ఒళ్లో పెట్టుకున్న సంచిలో మార్తకు వెన్న, తలలో ఒక అనుమానం. తన క్లాసులో ఒక పిల్ల, వాన చూసి, ఆకాశం జల్లెడ పడుతున్నట్టున్నదన్నదట. అది ఉపమా, ఉత్ప్రేక్షా?

ఉత్ప్రేక్ష, అన్నాడు అనంతయ్య. ఆకాశానికి జల్లెడ పట్టే పని లేదు, మనం ఊహించుకున్నాం. మార్త ఒప్పుకోలేదు. వాన పడటానికీ పిండి రాలడానికీ పోలిక చెప్పింది పిల్ల, ఉపమే అన్నది. కామేశం గారు పప్పు కోసం వచ్చి, ముందు అనంతయ్య వైపు మాట్లాడి, తిన్నాక మార్త వైపు మాట్లాడారు. పుస్తకాలు దిగాయి. మధ్యాహ్నం బస్సు వెళ్లిపోయింది. సాయంత్రం బస్సుకు టైమైందని జంగమ్మ లేస్తే, వాదం కూడా ఆమెతోపాటే లేచి బస్టాండుకు నడిచింది.

"మీకే తెల్వకపోతె నేనేం జెప్పాలె పిల్లలకు?" అని జంగమ్మ బస్సు ఎక్కి కిటికీలోంచి అడిగింది.

పిల్లలనే అడుగమని అనంతయ్య చెప్పాడు. కండక్టరు సీటీ ఊదాడు. వాన మళ్లీ మొదలయింది. మార్త ఆయన గొడుగు లాక్కుని, కిటికీ పక్కనే నడుస్తూ, సమానధర్మం గురించి ఇంకా చెబుతూనే ఉంది.